మానుకు కాసే చాకొలెట్

చాకొలెట్ అంటే ఇష్టం లేని పిల్లలు అరుదు. కాని, అది ఏ చెట్టు నుంచి వస్తుందో చెప్పమంటే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు. "చాకొలెట్‌కు చెట్టేమిటి? అది కర్మాగారంలో కదా తయారయ్యేది!" అంటారు. నిజమే, చక్కెర, పాలపొడి కలిపి బిళ్ళలుగా పోతపోసేది కర్మాగారంలోనే. కాని ఆ ముదురు గోధుమరంగు, ఆ కమ్మని వాసన, నాలుక మీద పెట్టగానే కరిగిపోయే ఆ గుణం, ఈ మూడూ ఒక చెట్టు గింజ నుంచి వచ్చినవే. ఆ చెట్టు పేరు కోకో.

కోకో పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవి. ఇవాళ అది మన గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో హాయిగా కాపు కాస్తున్నది. దేశం మొత్తం మీద కోకో గింజల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. అయినా ఈ చెట్టు తన అడవి అలవాట్లను మానుకోలేదు. ఆ అలవాట్లేమిటో తెలుసుకున్న రైతుకే అది ఫలిస్తుంది. వాటిని నిర్లక్ష్యం చేసిన చోట్ల ఊళ్ళకు ఊళ్ళే నష్టపోయాయి. అందుచేత ముందుగా ఈ చెట్టు అడవిలో ఎలా బతుకుతుందో చూద్దాం.

అడవి నీడలో

అమెజాన్ అడవిలో చెట్లు అంతస్తులు అంతస్తులుగా పెరుగుతాయి. పై అంతస్తులో ముప్ఫై నలభై మీటర్ల మహావృక్షాలు ఆకాశాన్ని కప్పేస్తాయి. వాటి కింద, చల్లని తేమ నిండిన నీడలో, చిన్న చెట్లు ఉంటాయి. కోకో ఈ కింది అంతస్తుకు చెందినది. తోటల్లో ఇది 4 నుంచి 8 మీటర్ల ఎత్తు మించదు. ఎండ నేరుగా తగిలితే లేత మొక్క ఆకులు మాడిపోతాయి. గట్టి గాలికి పెద్ద ఆకులు చినిగిపోతాయి. పైన మరో చెట్టు గొడుగు పట్టి ఉండాలి. వాతావరణం వెచ్చగా ఉండాలి, గాలిలో తేమ ఉండాలి, నేల ఎండిపోకూడదు. ఈ షరతులన్నీ భూమధ్యరేఖకు అటూ ఇటూ సుమారు 20 డిగ్రీల అక్షాంశాల లోపలే సమకూరతాయి. అందుకే ప్రపంచంలోని కోకో తోటలు దాదాపు అన్నీ ఆ పట్టీలోనే ఉన్నాయి.

ఈ చెట్టుకు శాస్త్రీయ నామం పెట్టినవాడు స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్. 1753లో ఆయన దీనిని థియోబ్రోమా కకావో అన్నాడు. గ్రీకు భాషలో థియోబ్రోమా అంటే దేవతల ఆహారం అని అర్థం. ఇది మందార కుటుంబానికి చెందినది. అంటే మీ పెరట్లోని బెండ, చేలోని పత్తి, పచ్చడికి కోసే గోంగూర, ఇవన్నీ కోకోకు చుట్టాలే.

మాను మీద పూలు

సాధారణంగా పూలు లేత కొమ్మల చివర్లలో పూస్తాయి. కోకో అలా కాదు. ముదిరిన కాండానికీ, లావుపాటి కొమ్మలకూ బెరడును చీల్చుకొని పూలు పుడతాయి. ఆ తరువాత కాయలు కూడా మానుకే వేలాడతాయి. మనకు ఇది మరీ వింతేమీ కాదు. పనసా, మేడీ అలా కాసేవే. ఉష్ణమండలపు అడవుల్లో ఈ లక్షణం చాలా చెట్లకు ఉంది. అర కిలో బరువు తూగే కాయను మోయడానికి లేత కొమ్మ చాలదు, మాను చాలుతుంది. పైగా పూలు నేలకు దగ్గరగా ఉండడం వల్ల అడవి నేల మీద తిరిగే చిన్న పురుగులకు అవి అందుబాటులో ఉంటాయి.

పువ్వు చాలా చిన్నది. వెడల్పు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు మాత్రమే. భూతద్దంతో చూస్తే దాని అందం తెలుస్తుంది. అయిదు రక్షక పత్రాలు, అయిదు ఆకర్షణ పత్రాలు, అయిదు కేసరాలు ఉంటాయి. వాటితోబాటు పుప్పొడి తయారుచేయని మరో అయిదు వంధ్య కేసరాలు ఎర్రగా, నిటారుగా, కీలం చుట్టూ కంచె కట్టినట్లు నిలబడి ఉంటాయి. అసలు కేసరాలేమో ఆకర్షణ పత్రాల అడుగున చిన్న సంచుల్లాంటి మడతల్లో దాగి ఉంటాయి. పుప్పొడి ఒక చోట దాక్కుంది. దానిని అందుకోవలసిన కీలాగ్రం కంచె మధ్య ఉంది. పుప్పొడి జిగురుగా ఉంటుంది కాబట్టి గాలికి ఎగరదు. పువ్వుకు చెప్పుకోదగ్గ వాసన లేదు, తేనె కూడా లేనట్లే. తేనెటీగకు ఈ పువ్వు ఇరుకు. మరి పరాగ సంపర్కం జరిపేదెవరు?

రెండు మిల్లీమీటర్ల నేస్తం

దోమకంటే చాలా చిన్నదైన ఒక రకం ఈగ ఈ పని చేస్తుంది. దాని పొడవు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. శాస్త్రజ్ఞులు ఈ ప్రజాతిని ఫోర్సిపోమైయా అంటారు. తెల్లవారుజామున, పువ్వు పూర్తిగా విచ్చిన వేళకు ఇది వస్తుంది. ఆ చిన్న సంచిలోకి దూరి బయటికి వచ్చేటప్పుడు దాని వీపు మీది వెంట్రుకలకు పుప్పొడి అంటుకుంటుంది. మరో పువ్వులో వంధ్య కేసరం మీద పాకుతున్నప్పుడు ఆ వీపు కీలానికి రాసుకుంటుంది. అంతే, పని పూర్తయినట్లే. ఆ ఒక్క రోజులో ఈగ రాకపోతే మర్నాటికి పువ్వు రాలిపోతుంది.

ఒక చెట్టు ఏడాదిలో వేల పూలు పూస్తుంది. వాటిలో కాయలయ్యేవి నూటికి ఒకటి నుంచి అయిదు వరకు మాత్రమే. ఇండోనేసియాలో పరిశోధకులు చిన్న కుంచెల సాయంతో చెట్టంతా చేతితోనే పరాగ సంపర్కం జరిపి చూశారు. దిగుబడి రెట్టింపుకు మించింది. ఈగలు చాలకపోవడం వల్ల ఎంత పంట పోతున్నదో దీనినిబట్టి ఊహించుకోవచ్చు.

ఇంతకూ ఈ ఈగలు ఎక్కడ పెరుగుతాయి? తడిగా కుళ్ళుతున్న ఆకుల మెత్తలో, మురిగే అరటి బోదెల్లో, పారేసిన కోకో కాయల డొప్పల కుప్పల్లో. వీటి పిల్లపురుగులకు ఆ కుళ్ళే ఇల్లు. తోటను అద్దంలా ఊడ్చి, రాలిన ఆకులన్నీ తగలబెట్టే రైతు తెలియకుండానే ఈ ఈగల ఇల్లు తగలబెడుతున్నాడన్నమాట. ఘానా, కోస్టారికా దేశాల్లో పరిశోధకులు కోకో చెట్ల కింద అరటి బోదె ముక్కలు పరచి చూశారు. ఈగలు పెరిగాయి. శుభ్రత మంచిదే, కాని కోకో తోటలో రాలిన ఆకు చెత్త కాదు.

ఇక్కడ మరో ముడి ఉంది. చాలా కోకో చెట్లు తమ పుప్పొడితో తామే ఫలదీకరణం చెందవు. పక్కన వేరే వంశానికి చెందిన చెట్టు ఉండాలి. అందుకే తోట అంతా ఒకే తల్లి చెట్టు నుంచి తీసిన అంట్లతో నింపకూడదని, కొన్ని రకాలను కలిపి నాటాలని శాస్త్రజ్ఞులు చెబుతారు.

రాలని కాయ, పగలని కాయ

పరాగ సంపర్కం జరిగిన తరువాత కాయ పక్వానికి రావడానికి అయిదారు నెలలు పడుతుంది. పిందెల్లో చాలా భాగం నల్లబడి చెట్టు మీదే ఎండిపోతాయి. ఇది తెగులు కాదు. తాను మోయగలిగినన్ని కాయలే ఉంచుకొని మిగిలిన వాటికి చెట్టు ఆహారం ఆపేస్తుంది.

పండిన కాయ 15 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. పైన నిలువుగా గాడులు ఉంటాయి. పచ్చకాయ పసుపుకు, ఎర్రకాయ నారింజ రంగుకు తిరిగితే పండినట్లు గుర్తు. లోపల తెల్లని, తియ్యని, జిగురైన గుజ్జులో ముప్ఫై నలభై గింజలు అయిదు వరుసల్లో పేర్చినట్లుంటాయి.

ఈ కాయ పండినా రాలదు, తనంతట తాను పగలదు. మరి అడవిలో విత్తనాలు ఎలా వ్యాపిస్తాయి? కోతులు, ఉడుతలు గుజ్జు కోసం కాయకు కన్నం పెడతాయి. గుజ్జు చప్పరించి, చేదుగా ఉన్న గింజను ఉమ్మేస్తాయి. ఆ చేదే గింజకు రక్ష. తియ్యని గుజ్జు జంతువును పిలవడానికి, చేదు గింజ దానిచేత పారేయించడానికి! మనుషులు మాత్రం గుజ్జును వదిలి, ఆ చేదు గింజనే ఏరుకున్నారు.

కోకో గింజకు నిద్ర లేదు. వరి, కంది విత్తనాల లాగా ఎండబెట్టి వచ్చే ఏడాదికి దాచుకోవడం కుదరదు. కాయలోంచి తీసిన కొద్ది రోజుల్లో నాటకపోతే మొలకెత్తే శక్తి పోతుంది. ఈ ఒక్క కారణం వల్ల కోకోను సముద్రాలు దాటించడం పూర్వం చాలా కష్టమైంది. కాయలుగానో, మొక్కలుగానో తీసుకుపోవలసి వచ్చేది.

నాణెంగా చెలామణి అయిన గింజ

మనుషులు కోకోను ఎప్పటి నుంచి వాడుతున్నారు? ఈక్వెడార్ దేశంలోని శాంటా అనా లా ఫ్లోరిడా అనే చోట తవ్వకాల్లో దొరికిన పాత్రల్లో కోకో ఆనవాళ్ళు ఉన్నట్లు 2018లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అవి సుమారు 5300 సంవత్సరాల నాటివి.

తరువాతి కాలంలో మధ్య అమెరికాలోని మాయా, అజ్టెక్ ప్రజలు గింజలను వేయించి, నూరి, నీటిలో కలిపి, మిరప వంటి ఘాటు దినుసులు చేర్చి, నురుగు వచ్చేలా పైనుంచి పోసి తాగేవారు. అందులో చక్కెర లేదు. గింజలు డబ్బుగా కూడా చెలామణి అయ్యేవి. ఖాళీ పొట్టులో మట్టి నింపి దొంగ గింజలు తయారుచేసేవారు కూడా ఉండేవారట! 1502లో కొలంబస్ తన నాలుగవ యాత్రలో ఒక వర్తకుల పడవలో ఈ గింజలను చూశాడు గాని, వాటి విలువ ఆయనకు తెలియలేదు. 1519లో మెక్సికో చేరిన స్పెయిన్ సైనికులకు తెలిసింది.

యూరపులో దీనికి చక్కెర తోడైంది. 1828లో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హౌటెన్ కుటుంబం గింజల ముద్దలోంచి కొవ్వును పిండే యంత్రం తయారుచేసింది. 1847లో ఇంగ్లండులో ఫ్రై సంస్థ తాగే చాకొలెట్‌ను తినే బిళ్ళగా మార్చింది. 1870లలో స్విట్జర్లండుకు చెందిన డేనియల్ పీటర్ పాల చాకొలెట్ తయారుచేశాడు.

పులిస్తేనే పరిమళం

పచ్చి కోకో గింజను కొరికి చూస్తే చాకొలెట్ రుచి ఏ కోశానా ఉండదు. వగరు, చేదు మాత్రమే. దానిని అలాగే ఎండబెట్టి వేయించినా పరిమళం రాదు. మరి ఆ పరిమళం ఎక్కడిది? మన ఇళ్ళలో ఇడ్లీ పిండిని పులియబెడతారు కదా, అటువంటి పనే ఇక్కడా జరుగుతుంది.

కాయలను కర్రతో కొట్టి పగలగొడతారు. కత్తితో కోస్తే గింజలు తెగే ప్రమాదం ఉంది. గుజ్జుతో సహా గింజలను తీసి చెక్క పెట్టెల్లో పోసో, అరటి ఆకుల మధ్య కుప్పగా పోసో, గోనె కప్పి అయిదు నుంచి ఏడు రోజులు ఉంచుతారు. మధ్య మధ్య తిరగతిప్పుతారు. ఇక సూక్ష్మజీవుల పని మొదలవుతుంది.

మొదట ఈస్టులు గుజ్జులోని చక్కెరను ఆల్కహాలుగా మారుస్తాయి. గుజ్జు నీరై కారిపోతుంది. గింజల మధ్యకు గాలి చొరబడుతుంది. గాలి సోకగానే రెండో దండు దిగుతుంది. అవి ఎసిటిక్ ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియాలు. ఇవి ఆల్కహాలును పుల్లని ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తాయి. వంటింట్లో వాడే వెనిగర్‌లో ఉన్నది ఇదే. ఈ చర్యలో వేడి పుడుతుంది. కుప్ప ఉష్ణోగ్రత 45 నుంచి 50 సెంటీగ్రేడు డిగ్రీల దాకా పోతుంది. కుప్పలో చేయి పెడితే చురుక్కుమంటుంది.

ఆ వేడికి, ఆ ఆమ్లానికి గింజలోని అంకురం చనిపోతుంది. జీవకణాల లోపలి గోడలు పగిలి, అంతవరకు వేర్వేరు గదుల్లో ఉన్న ఎంజైములూ ఇతర పదార్థాలూ కలుస్తాయి. మాంసకృత్తులు, చక్కెరలు చిన్న చిన్న అణువులుగా విడిపోతాయి. వగరు తగ్గుతుంది. ఊదారంగు గోధుమరంగుకు తిరుగుతుంది. ఈ చిన్న అణువులే తరువాత వేయించినప్పుడు ఒకదానితో ఒకటి కలిసి చాకొలెట్ పరిమళాన్ని ఇస్తాయి. అంటే పరిమళానికి పునాది పడేది కర్మాగారంలో కాదు, రైతు కళ్ళంలో.

పులిసిన గింజలను తేమ 7 శాతం దాకా తగ్గేలా ఎండలో ఆరబెడతారు. తేమ ఎక్కువైతే బూజు పడుతుంది. కొనేవారు గింజను నిలువునా కోసి చూస్తారు. లోపల గోధుమరంగు, పగుళ్ళు ఉంటే బాగా పులిసినట్లు. ఊదారంగు ఉంటే సగమే పులిసినట్లు. పలక రంగు ఉంటే అసలు పులియనట్లు. ఈ చిన్న పరీక్ష మీదనే ధర ఆధారపడి ఉంటుంది.

గింజ నుంచి బిళ్ళ దాకా

ఎండిన గింజలను కర్మాగారంలో వేయించి, పొట్టు చెరిగి, పప్పును మెత్తగా రుబ్బుతారు. పప్పులో సగానికి పైగా కొవ్వే కాబట్టి, రాపిడి వేడికి అది చిక్కని ద్రవంగా మారుతుంది. దానిని పిండితే కోకో వెన్న ఒక వైపు, కోకో పొడి చేయదగిన పిండి మరో వైపు వస్తాయి. మనం పాలలో కలుపుకొనేది ఆ పొడి. ద్రవానికి మరికొంత కోకో వెన్న, చక్కెర, పాలపొడి కలిపి గంటల తరబడి కలియబెడితే చాకొలెట్ అవుతుంది.

కోకో వెన్న సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. అందుకే చాకొలెట్ బల్ల మీద గట్టిగా ఉండి నోట్లో కరుగుతుంది. మన వేసవి ఆ 34 డిగ్రీలను దాటిపోతుంది కాబట్టి జేబులో కూడా కరుగుతుంది! కరిగిన చాకొలెట్ మళ్ళీ గట్టిపడితే పైన తెల్లని పొర కనబడుతుంది. అది బూజు కాదు. కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. కర్మాగారంలో ఉష్ణోగ్రతను జాగ్రత్తగా అదుపుచేసి వాటిలో ఒక రకాన్నే ఏర్పరుస్తారు. నిగనిగలాడే మెరుపు, విరిచినప్పుడు వచ్చే టక్కుమనే చప్పుడు దాని చలవే. జేబులో కరిగి గడ్డకట్టినప్పుడు ఆ క్రమం చెడి, కొవ్వు పైకి తేలి తెల్లగా కనబడుతుంది.

కోకో వెన్నను పెదవులకు రాసే లేపనాల్లో, ఒంటికి రాసే క్రీముల్లో, కొన్ని మందుల తయారీలో కూడా వాడతారు. కాయ డొప్పలు ఎరువుకు పనికివస్తాయి. ఘానాలో డొప్పలను కాల్చిన బూడిదలోని పొటాష్‌తో సబ్బు చేస్తారు.

గింజలో థియోబ్రోమిన్ అనే పదార్థం ఒకటి రెండు శాతం ఉంటుంది. ఇది కాఫీలోని కెఫీన్‌కు తోబుట్టువు లాంటిది. మనకు కొద్దిపాటి ఉత్సాహాన్నిస్తుంది. కాని కుక్కల శరీరం దీనిని త్వరగా విసర్జించలేదు. కాబట్టి మీ పెంపుడు కుక్కకు ముద్దు చేసి చాకొలెట్ పెట్టకండి. అది దానికి విషం.

కొబ్బరి నీడన

మన దేశానికి కోకో 1798లో వచ్చింది. తూర్పు ఇండియా కంపెనీవారు తమిళనాడులోని కుర్తాళంలో కొన్ని మొక్కలు నాటించారు. అయితే వాణిజ్య పంటగా సాగు మొదలైంది 1960లలో, కేరళలో. ఆంధ్రప్రదేశ్‌లో 1990ల నుంచి పశ్చిమ గోదావరి ప్రాంతంలో బాగా వ్యాపించింది. నేటి ఏలూరు, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి, కోనసీమ జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల్లో అంతర పంటగా ఉంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో దీని మీద పరిశోధనలు జరుగుతున్నాయి.

కొబ్బరి తోటలోనే ఎందుకు? ఒక కొబ్బరి చెట్టుకు మరో చెట్టుకు మధ్య ఎనిమిది మీటర్ల దూరం ఉంటుంది. కొబ్బరి వేళ్ళు చాలా భాగం మొదలు చుట్టూ రెండు మీటర్ల లోపలే ఉంటాయి. మిగిలిన నేల ఖాళీ. ముదురు తోటల్లో మట్టల సందుల్లోంచి ఎండ జల్లెడ పట్టినట్లు కిందికి దిగుతుంది. కోకోకు కావలసిన నీడ సరిగ్గా అదే. అమెజాన్ మహావృక్షం చేసే పనిని ఇక్కడ కొబ్బరి చేస్తుందన్నమాట. బదులుగా కోకో ఏటా బోలెడు ఆకు రాల్చి నేలకు సేంద్రియ పదార్థం ఇస్తుంది, కలుపును అణచుతుంది. రైతుకు ఒకే నేల మీద రెండు ఆదాయాలు.

మేలైన తల్లి చెట్ల కాయల్లోంచి గింజలు తీసి, గుజ్జు పోయేలా ఇసుకతోనో బూడిదతోనో రుద్ది, వెంటనే పాలిథిన్ సంచుల్లో నాటుతారు. తల్లి గుణాలు తప్పకుండా రావాలంటే అంట్లు వాడతారు. నాలుగు నుంచి ఆరు నెలల మొక్కలను గుంటలు తీసి, పశువుల ఎరువు వేసి, సుమారు మూడు మీటర్ల దూరంలో నాటుతారు.

మొక్క మొదట ఒకే కాండంతో నిటారుగా మీటరు, మీటరున్నర పెరిగి ఆగిపోతుంది. అక్కడ మూడు నుంచి అయిదు కొమ్మలు గొడుగు ఊచల్లా విచ్చుకుంటాయి. కొన్నాళ్ళకు ఆ గొడుగు కింద నుంచి మరో నిలువు కొమ్మ లేచి రెండో గొడుగు పడుతుంది. ఇలా వదిలేస్తే చెట్టు అంతస్తులు కడుతూ పోతుంది. కాయలు అందవు. అందుకే నిలువు కొమ్మలను ఎప్పటికప్పుడు కత్తిరించి ఒక అంతస్తుకే పరిమితం చేస్తారు. మన గోదావరి జిల్లాల్లో వాన నాలుగైదు నెలలే కాబట్టి వేసవిలో నీరు తప్పనిసరి.

మూడో ఏట కాపు మొదలవుతుంది. ఏడెనిమిదేళ్ళకు పూర్తి కాపుకు వస్తుంది. ఇప్పుడొక చిన్న లెక్క. కాయకు 35 గింజలు, ఎండిన గింజ బరువు సుమారు ఒక గ్రాము అనుకుందాం. అంటే కాయకు 35 గ్రాములు. మంచి చెట్టు ఏడాదికి 50 కాయలు కాస్తే 1750 గ్రాములు. వంద గ్రాముల ముదురు చాకొలెట్ బిళ్ళకు 70 శాతం కోకో కావాలంటే, పొట్టు పోను రెండు మూడు కాయలు కావాలి. ఆ రెండు మూడు కాయల కోసం వంద పూల దాకా పూసి ఉండవచ్చు!

శత్రువులు

మన తోటల్లో ఎలుకలు, ఉడుతలు కోకోకు పెద్ద బెడద. అడవిలో విత్తనాలు వెదజల్లే ఉడుత ఇక్కడ దొంగ అయింది. వానాకాలంలో నల్లకుళ్ళు తెగులు కాయలను పాడుచేస్తుంది. తెగులు సోకిన కాయలను ఏరి తీసివేయడం, ఒక శాతం బోర్డో మిశ్రమం చల్లడం దానికి విరుగుడు.

ఇతర దేశాల్లో ఇంతకంటే ఘోరాలు జరిగాయి. 1989లో బ్రెజిల్‌లోని బహియా రాష్ట్రంలో ఒక శిలీంధ్రం కనబడింది. అది సోకిన కొమ్మలు చీపురు కట్టల్లా పిలకలు వేసి ఎండిపోతాయి. దాదాపు పదేళ్ళలో బ్రెజిల్ దిగుబడి మూడో వంతుకు పడిపోయింది. లక్షలాది కూలీల బతుకుతెరువు పోయింది. ఆఫ్రికాలోని ఘానాలో పిండినల్లి ద్వారా వ్యాపించే ఒక వైరస్ కొమ్మలను ఉబ్బించి చెట్టును చంపుతుంది. దానికి మందు లేదు. చెట్టు నరకడమే మార్గం. 1940ల నుంచి అక్కడ కోట్లాది చెట్లను నరికివేశారు.

ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు?

ఇవాళ ప్రపంచపు కోకోలో సుమారు సగం పశ్చిమ ఆఫ్రికాలోని కోట్ డి ఐవరీ, ఘానా అనే రెండు దేశాల నుంచి వస్తుంది. అక్కడ తోటల కోసం అడవులను విస్తారంగా కొట్టేశారు. పండించేది ఎక్కువగా చిన్న రైతులు. ఆదాయం చాలక కూలీలను పెట్టుకోలేని ఇళ్ళలో పిల్లలు పనిలోకి దిగుతారు. 2018-19 పంటకాలంలో ఈ రెండు దేశాల్లో సుమారు 15 లక్షల 60 వేల మంది పిల్లలు కోకో పనుల్లో ఉన్నట్లు షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఒక సంస్థ 2020లో అంచనా కట్టింది. వాళ్ళలో చాలామంది పదునైన కత్తులతో, బరువైన మూటలతో పనిచేస్తారు. వాళ్ళది మీ వయసే.

2023-24లో ఆ దేశాల్లో మొదట అధిక వర్షాలు, తెగుళ్ళు, ఆ తరువాత ఎండలు వచ్చి పంట దెబ్బతిన్నది. 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్ మార్కెట్టులో టన్ను ధర పది వేల డాలర్లు దాటింది. గోదావరి జిల్లాల్లో కూడా కిలో ఎండు గింజలు వెయ్యి రూపాయల దాకా పలికాయి. 2025లో ధర మళ్ళీ పడిపోయి రైతులు ఆందోళనకు దిగారు. ఇటువంటి అనుభవం కొత్తది కాదు. 1980ల మొదట్లో ధర పడిపోయినప్పుడు కేరళలో ఎంతోమంది రైతులు కోకో చెట్లను నరికేశారు. మిగిలినవారిని ఆదుకోవడానికి సహకార సంఘాలు ముందుకు వచ్చాయి. మంగుళూరుకు చెందిన కాంప్కో 1986లో పుత్తూరులో సొంత చాకొలెట్ కర్మాగారమే నెలకొల్పింది.

మన రైతు చేతిలో ఉన్నది ఒకటే: నాణ్యత. పచ్చి గింజలు అమ్మేవాడు మార్కెట్టు ఇచ్చింది తీసుకోవాలి. చక్కగా పులియబెట్టి, సరిగా ఆరబెట్టిన గింజలు అమ్మేవాడికి బేరమాడే బలం ఉంటుంది. పశ్చిమ గోదావరి గింజలని పేరు చెప్పుకొని అమ్ముడయ్యే చాకొలెట్లు ఇప్పుడు హైదరాబాదులోనే తయారవుతున్నాయి.

గోదావరి జిల్లాల్లో ఉన్నవారు ఒక ఉదయం పెందలాడే లేచి, పెద్దల అనుమతితో దగ్గరలోని కోకో తోటకు భూతద్దం తీసుకొని వెళ్ళండి. మాను మీద అప్పుడే విచ్చిన ఒక పువ్వును కోయకుండా పరిశీలించండి. ఆకర్షణ పత్రాల సంచులను, ఎర్రని కంచెను గుర్తుపట్టండి. కాసేపు ఓపికగా నిలబడితే, నుసి రవ్వంత ఈగ ఒకటి వచ్చి వాలవచ్చు. అప్పుడు మీ కాళ్ళ కింది ఆకుల మెత్తను చూడండి. తోట యజమాని దానిని ఊడ్చి తగలబెట్టాలనుకుంటుంటే, ఎందుకు వద్దో మీరే ఆయనకు చెప్పగలరు.